పలక మీద కాదు, పుస్తకంలో రాయండి



మిమ్మల్ని మూడు చిన్న ప్రశ్నలు అడుగుతాను. జవాబు కోసం ఏ పాఠ్యపుస్తకమూ తెరవనక్కరలేదు. మీ వూళ్ళో ఈ సంవత్సరం కోకిల మొదటిసారి ఏ తేదీన కూసింది? పోయిన దసరానాడు మీరు ఎన్ని పాలపిట్టలను చూశారు? మీ చెరువులో దిగిన బాతులు ఏ వారంలో వెళ్ళిపోయాయి?

"ఉగాదికి ముందే కూసింది", "ఒకటో రెండో చూశాం", "ఎండలు ముదరగానే పోయాయి" అంటారు. పెద్దవాళ్ళను అడిగినా ఇంతకంటే మంచి జవాబు దొరకదు. మన కళ్ళు చూశాయి, చెవులు విన్నాయి. కాని ఎక్కడా రాసిపెట్టుకోలేదు.

మార్కాపురం పలకలకు పేరుపడ్డ వూరు. తెలుగునాట ఎన్నో తరాల పిల్లలు ఆ రాతిపలకల మీదే అక్షరాలు దిద్దుకున్నారు. పలకకు ఒక మంచి గుణం వుంది. తప్పు రాస్తే తుడిచెయ్యవచ్చు. ఆ గుణమే దాని లోపం కూడా. ఒప్పు రాసినా అది నిలవదు. మన చుట్టూ వున్న పక్షుల గురించి, జంతువుల గురించి మన వూళ్ళకు తెలిసినదంతా ఇప్పటిదాకా పలక మీది రాతలాగే వుంది. ఒక తరం చూసింది రెండో తరానికి చెరిగిపోతున్నది. దాన్ని పుస్తకంలోకి ఎక్కించాలి. ఈ పని మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల హైస్కూలు విద్యార్థులు చేయగలరు, చేయాలి అని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

మన ఇరుగుపొరుగు

పడమటి ప్రకాశం అనగానే అందరికీ గుర్తుకొచ్చేది కరువు. వర్షం తక్కువ, రాళ్ళ నేల, లోతుకు పోయిన బోర్లు. నిజమే. కాని పక్షులను గమనించేవాడి కంటికి ఈ నేల పేదది కాదు. పడమట నల్లమల అడవి, తూర్పున వెలిగొండలు, మధ్యన జొన్న, సజ్జ, కంది, పత్తి పండే చేలు, కంపచెట్ల బీళ్ళు, ఎక్కడికక్కడ చెరువులు, కుంటలు వున్నాయి. అడవి పక్షి, బీడు పక్షి, నీటి పక్షి మూడూ ఒకే రోజు నడకలో కనిపించగల ప్రాంతం ఇది.

నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ నది కంభం దగ్గర రెండు కొండల మధ్య కట్టిన ఆనకట్ట వెనుక ఆగి పెద్ద చెరువవుతుంది. విజయనగర రాజుల కాలంనాటి ఈ కట్ట ఎత్తు సుమారు 57 అడుగులు. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగుపారుదల సంఘం 2020లో కంభం చెరువును ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. ఇక అడవి వైపు చూస్తే, గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యాన్ని 1990లో ప్రకటించారు. అంతకు ముందే, 1983లో, నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి పులుల సంరక్షణ పథకంలోకి వచ్చింది. దోర్నాల, యర్రగొండపాలెం, గిద్దలూరు వైపు వూళ్ళన్నీ ఆ అడవి అంచునే వున్నాయి. రాచర్ల మండలంలో గుండ్లకమ్మ ఒడ్డున వున్న క్షేత్రం పేరే నెమలిగుండం. వూరి పేరులో పక్షి వున్నదంటే, ఆ పేరు పెట్టిన నాడు అక్కడి మనుషులు పక్షులను చూసే మనుషులన్న మాట!

రుతువులతో పాటు రెక్కలు

పక్షులు క్యాలెండరు చూడవు. కాని వాటిని చూస్తే మనకు క్యాలెండరు తెలుస్తుంది.

మాఘ ఫాల్గుణాల నుంచి మొదలుపెడదాం. బూరుగుచెట్టు ఆకు రాల్చి ఎర్రటి పూలు పూస్తుంది. వెనుకనే మోదుగ పూస్తుంది. ఆ పూల దగ్గర గంటసేపు నిలబడి చూడండి. గోరింకలు, కాకులు, పసుల పోలిగాళ్ళు తేనె కోసం సంతలాగా చేరతాయి. పూలకు ఇందులో లాభం వుంది. పుప్పొడి పక్షుల ముఖాలకు అంటుకుని మరో చెట్టుకు చేరుతుంది. ఈ రోజుల్లోనే మగ కోకిల గొంతు విప్పుతుంది. అది అంతదాకా ఎక్కడికో వెళ్ళిపోయి తిరిగి రాలేదు. చాలావరకు మన తోటల్లోనే మౌనంగా వుంది. గుడ్లుపెట్టే కాలం దగ్గరపడే కొద్దీ కూస్తుంది. కాకి గూడు కడితేనే కోకిలకు పని. తన గుడ్లను అందులో పెట్టి పోతుంది గదా!

ఎండలు ముదిరేసరికి తీతువుపిట్టలు రాళ్ళ నేల మీద గుడ్లు పెడతాయి. గూడంటూ వుండదు. నాలుగు గులకరాళ్ళ నడుమ చిన్న గుంట, అంతే. గుడ్లు కూడా రాళ్ళ రంగులో మచ్చలతో వుంటాయి. అడుగు దూరంలో వున్నా కనిపించవు. మధ్యాహ్నం నేల కాలిపోతుంటే తల్లిపక్షి నీళ్ళలో పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. తీతువు రాత్రి అరిస్తే కీడు అని కొందరంటారు. అసలు సంగతి ఏమిటంటే, కుక్కో, నక్కో, మనిషో తన గుడ్ల వైపు వస్తున్నప్పుడు అది అరుస్తుంది. కీడు వచ్చేది దానికి, మనకు కాదు.

తొలకరి పడగానే నెమలి పురి విప్పుతుంది. వానాకాలం ముగిసేసరికి ఆ పింఛపు ఈకలన్నీ రాలిపోతాయి. పొలం గట్ల మీద మీరు ఏరుకునే ఈకలు అలా రాలినవే. మగ గిజిగాళ్ళు పసుపు తలపాగా చుట్టుకున్నట్లు రంగు మారి, బావుల మీదికి వంగిన తుమ్మకొమ్మలకూ ఈతమట్టలకూ గూళ్ళు అల్లుతాయి. సగం అల్లిన గూడును ఆడపక్షి వచ్చి పరీక్షిస్తుంది. నచ్చకపోతే వెళ్ళిపోతుంది. కావ్యాల్లోని చాతక పక్షి, అంటే నల్ల కొప్పు కోకిల, వానలతోబాటు కనిపిస్తుంది. ఉత్తర భారతానికి వచ్చేవి ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వస్తాయి. దక్షిణాదిలో కొన్ని సంవత్సరమంతా వుంటాయి. మరి మీ వూళ్ళో కనిపించేది ఎప్పుడు? ఇదొక మంచి ప్రశ్న. దీనికి జవాబు మీ వూళ్ళోనే దొరకాలి.

ఆగస్టు సెప్టెంబరు నుంచి వలస పక్షుల రాకడ మొదలు. నీటి ఒడ్డున తోక ఆడిస్తూ పరుగెత్తే జిట్టంగిలు వస్తాయి. జొన్న కంకి పాలుపోసుకునేసరికి గులాబీ గోరింకలు గుంపులుగా దిగుతాయి. ఇవి మధ్య ఆసియా మైదానాల్లో పిల్లలను పెంచి, చలి తప్పించుకోవటానికి మన చేలకు వస్తాయి. గింజ తింటాయని రైతుకు కోపం. కాని మిడతలను కూడా అంతే ఆబగా తింటాయి. చెరువు నిండిన సంవత్సరం సూదితోక బాతులు నీటి మధ్యలో తేలుతూ పగలంతా కునుకు తీస్తాయి. ఒడ్డున ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు కనిపిస్తాయి. చెరువు ఎండిన సంవత్సరం ఏమవుతుంది? అవి ఎక్కడికి పోతాయి? రెండు రకాల సంవత్సరాలనూ రాసివుంచిన వాడే దీనికి సమాధానం చెప్పగలడు.

పుస్తకంలో నాలుగు గడులు

ఏం రాయాలి? పెద్ద వ్యాసాలు అక్కరలేదు. పేజీకి నాలుగు గడులు గీయండి. పేరు, చోటు, తేదీ, లెక్క. ఇంత చిన్న పనికి విజ్ఞానశాస్త్రంలో విలువ ఏముంటుందని మీకు అనుమానం రావచ్చు. ఒక్కో గడికి ఒక్కో నిజమైన కథ చెబుతాను.

మొదటిది పేరు. మీ వూళ్ళో పిలిచే పేరే రాయండి. దాన్ని చిన్నచూపు చూడకండి. అడవుల్లో నేల మీద గెంతుతూ, ఆకుపచ్చ వీపు, ఎర్రటి పొట్ట అడుగుభాగంతో తొమ్మిది రంగులు పూసినట్లుండే పక్షి ఒకటి వుంది. మనవాళ్ళు దాన్ని పొన్నంగి పిట్ట అన్నారు. 1713లో లండన్‌లో అచ్చయిన ఒక పక్షిశాస్త్ర గ్రంథంలో మద్రాసు నుంచి వెళ్ళిన బొమ్మలను చేర్చినప్పుడు ఆ తెలుగు పేరు కూడా అందులోకి ఎక్కింది. తరువాత 1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ ప్రజాతికి "పిట్టా" అనే శాస్త్రీయనామాన్ని స్థిరపరచాడు. ఈ రోజు ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఆ జాతి పక్షులన్నిటినీ ప్రపంచం పిలిచేది మన "పిట్ట" అనే మాటతోనే! ఆ పక్షి హిమాలయ పాదాల్లోనూ మధ్య భారతపు అడవుల్లోనూ గుడ్లు పెట్టి, చలికాలానికి దక్షిణాదికి వస్తుంది. పొద్దున, సాయంత్రం వేళపట్టున ఈల వేస్తుంది కాబట్టి తమిళులు ఆరుగంటల పిట్ట అంటారు. అక్టోబరులో అలసిపోయి ఇళ్ళ పెరళ్ళలో వాలుతుంటుంది. ఈసారి చూస్తే తేదీ వేసుకోండి.

రెండవది చోటు. 1899లో పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు మెరిసే నీలిరంగు గల పెద్ద సాలీడును మొదటిసారి వర్ణించాడు. అది దొరికింది అనంతపురం జిల్లా గుత్తిలో, రైల్వే కలప అడితిలో. ఆ తరువాత వందేళ్ళకు పైగా దాని జాడ లేదు. చివరకు 2001లో అది కనిపించిన చోటు ఎక్కడో తెలుసా? నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య వున్న నల్లమల అడవిలో. ముసలి చెట్ల తొర్రల్లో అది బతుకుతున్నది. అప్పట్లో అది కలపతో పాటు రైల్లో గుత్తికి చేరివుంటుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ఇప్పటికీ దాని పేరులో గుత్తే వుంది, ఇల్లు మాత్రం మన అడవి. ఆ కలప ఏ కొండవాలు నుంచి వచ్చిందో ఎవరైనా నాడు ఒక్క వాక్యం రాసిపెట్టివుంటే ఎంత వెతుకులాట తప్పేదో చూడండి. అంచేత "మా వూళ్ళో" అని రాస్తే చాలదు. "చెరువు కట్ట మీద, రెండో తూము దగ్గర తుమ్మచెట్టు" అని రాయాలి.

మూడవది తేదీ. ఇంగ్లండులో నార్ఫక్ అనే ప్రాంతంలో రాబర్ట్ మార్షం అనే భూస్వామి వుండేవాడు. చెట్లంటే ప్రాణం. 1736 నుంచి ఆయన తన తోటలో మొదటి ఆకు చిగిర్చిన రోజు, మొదటి కప్ప అరిచిన రోజు, మొదటి వలసపిట్ట వచ్చిన రోజు రాయటం మొదలుపెట్టాడు. ఆయన తరువాత కొడుకులు, మనుమలు, వాళ్ళ పిల్లలు 1958 వరకు ఆ పని కొనసాగించారు. వాతావరణం వేడెక్కే కొద్దీ చెట్లు ఎన్ని రోజులు ముందుగా చిగురిస్తున్నాయో తెలుసుకోవటానికి శాస్త్రజ్ఞులు ఆ కుటుంబం పుస్తకాలనే తెరిచారు. ఆయనకు వాతావరణ మార్పు అనే మాటే తెలియదు. తేదీలు మాత్రం ఇచ్చిపోయాడు.

నాలుగవది లెక్క. మీ తాతలను అడగండి. వూరి బయట చచ్చిన ఎద్దును పారవేస్తే గంటలో రాబందుల గుంపు దిగేదని చెబుతారు. ఇప్పుడు రాబందును చూసిన పిల్లలు ఎందరు? వాటికి ఏదో కీడు జరుగుతున్నదని ఎలా బయటపడిందో తెలుసా? భరత్‌పూర్‌లోనూ, దేశంలోని అనేక రోడ్ల వెంటా 1980, 90 దశకాల్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు రాబందులను లెక్కపెట్టివుంచారు. తరువాత అవే దారుల్లో మళ్ళీ లెక్కపెడితే గుండె ఆగినంత పనైంది. 1992కూ 2007కూ మధ్య తెల్లవీపు రాబందులు వెయ్యింటికి ఒకటి చొప్పున మాత్రమే మిగిలాయి. కారణం పశువులకు వాడే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు. ఆ మందు వేసిన పశువు చనిపోతే, దాని మాంసం తిన్న రాబందుల మూత్రపిండాలు చెడిపోయి అవీ చనిపోయాయి. ఈ సంగతి 2004లో తేలింది, 2006లో పశువులకు ఆ మందును మన ప్రభుత్వం నిషేధించింది. మొదటి లెక్క లేకపోతే రెండో లెక్కకు అర్థమే వుండేది కాదు.

లెక్కలో సున్నకు కూడా స్థానముంది. వెళ్ళారు, అరగంట చూశారు, ఏమీ కనిపించలేదు. అదీ రాయండి. "చూడలేదు" అనే మాట, "వెళ్ళలేదు" అనే మాట ఒకటి కావు.

విన్నమాట వేరు, లెక్క వేరు

పిచ్చుకలు అంతరించిపోతున్నాయని మీరు ఎన్నోసార్లు వినివుంటారు. 2020లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక ఏం చెప్పింది? పెద్ద నగరాల్లో పిచ్చుకలు తగ్గాయి గాని దేశం మొత్తం మీద వాటి సంఖ్య ఇంచుమించు నిలకడగానే వుందని చెప్పింది. 2023 నాటి నివేదిక ఇంకో సంగతి బయటపెట్టింది. నెమళ్ళు, కోకిలలు పెరుగుతున్నాయి. ఎవరూ పట్టించుకోని పాలపిట్ట తగ్గుతున్నది! దాని స్థితిని ప్రపంచస్థాయిలో వెంటనే తిరిగి అంచనా వేయాలని ఆ నివేదిక కోరింది. ఒకప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి అది. నేడు తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరానాడు దాన్ని చూసి దండం పెట్టేవాళ్ళం, అది తగ్గిపోతున్నట్లు గమనించలేకపోయాం.

ఈ నివేదిక ఎవరు తయారు చేశారనుకున్నారు? శాస్త్రజ్ఞులు లెక్కలు కట్టిన మాట నిజమే. కాని వాళ్ళ చేతికి వచ్చిన సుమారు మూడు కోట్ల పరిశీలనలను రాసింది ముప్ఫై వేలకు పైగా మామూలు మనుషులు. ఉద్యోగులు, టీచర్లు, గృహిణులు, మీలాంటి విద్యార్థులు. అందులో పట్టణాల వాళ్ళు రాసినవి ఎక్కువ. మన వైపు మెట్టచేల నుంచి ఎన్ని పేజీలు చేరితే మన చిత్రం అంత స్పష్టంగా కనిపిస్తుంది.

ఇప్పుడే ఎందుకు?

ఇక్కడ అసలు విషయానికి వస్తున్నాను. మన ప్రాంతం మారబోతున్నది. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ వరదనీటిని దాదాపు 18.8 కిలోమీటర్ల పొడవున్న జంట సొరంగాల గుండా కొండల ఇవతలికి తెచ్చే పథకం. ఏటా 43.5 టి.ఎం.సి. నీటిని వాడుకుని ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలు తడపాలని, లక్షలాది మందికి తాగునీరివ్వాలని దాని లక్ష్యం. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య ఖాళీలను మూసి నల్లమల సాగర్ అనే జలాశయాన్ని నిర్మించారు. ఈ నీరు రావాలి. కరువు చూసిన ఏ ఇంటివారూ వద్దనరు. నేనూ అనను.

ఐతే, నీరు వచ్చిన చోట పంట మారుతుంది. పంట మారిన చోట పురుగు మారుతుంది. పురుగు మారితే పిట్ట మారుతుంది. కొత్త జలాశయానికి కొత్త బాతులు రావచ్చు. బీళ్ళను నమ్ముకున్న కౌజులు, కంజులు, పూరేళ్ళు తగ్గవచ్చు. ఏది పెరిగింది, ఏది తగ్గింది అని పాతికేళ్ళ తరువాత ఎవరైనా అడిగితే జవాబు చెప్పాలంటే ఇప్పటి లెక్క కావాలి. మారకముందు రాసుకోని లెక్కను మారిన తరువాత ఎంత డబ్బు పోసినా కొనలేము.

నల్లమలకు ఆవలివైపు రెండు అనుభవాలు వున్నాయి. రోళ్ళపాడు గడ్డిభూముల్లో బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. చుట్టూ వ్యవసాయం మారింది, గడ్డినేలలు కుదించుకుపోయాయి. నేడు అక్కడ బట్టమేకపిట్ట కనిపించటమే గగనమైంది. రెండోది కడప జిల్లా కలివికోడి. జెర్డాన్ అనే సైనిక వైద్యుడి ద్వారా 1848లో అది శాస్త్రలోకానికి తెలిసింది. 1900 తరువాత ఏ శాస్త్రజ్ఞుడి కంటా పడకపోయేసరికి అంతరించిందనుకున్నారు. 1986లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ పల్లెపల్లెకూ తిరిగి బొమ్మలు చూపిస్తే, అక్కడి వేటగాళ్ళు రాత్రిపూట తిరిగే ఆ పక్షిని గుర్తుపట్టారు. ఎనభై ఆరేళ్ళుగా శాస్త్రానికి తెలియనిది వాళ్ళకు తెలుసు! వాళ్ళకు తెలిసింది కాగితం మీద లేదు, అంతే తేడా. కాగితం మీదికి వచ్చాక ఏమైంది? ఆ పక్షి వుండే పొదల గుండా పోవలసిన తెలుగుగంగ కాలువ దారిని మార్చారు. రాసిపెట్టిన సాక్ష్యానికి కాలువ కూడా దారి ఇచ్చింది.

మీరు అనబోయే మాటలు

"మార్కులు వస్తాయా?" అంటారు. ఈ పుస్తకానికి పదో తరగతిలో మార్కులు లేవు. కాని వారానికి ఒక అరగంట సరిపోయే పని ఇది. చూడటం, పోల్చటం, అనుమానించటం, మళ్ళీ చూడటం, ఇవే విజ్ఞానశాస్త్రానికి పునాదులు. జీవశాస్త్రపు పుస్తకంలో బట్టీపట్టిన పాఠం పరీక్ష తరువాత నిలుస్తుందో లేదో గాని, మీ కంటితో చూసింది మరిచిపోరు.

"బైనాక్యులర్ లేదు గదా?" అంటారు. పాలపిట్టను, గిజిగాడిని, తీతువును, లకుముకిని గుర్తుపట్టడానికి మామూలు కళ్ళు చాలు. మొదటి సంవత్సరం ఇరవై పక్షులతో మొదలుపెట్టండి. తెలియని పక్షికి తెలిసిన పేరు అంటించకండి. ముక్కు ఎలా వుంది, తోక ఎలా వుంది, పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా అని రాసి బొమ్మ గీయండి. పేరు తరువాత తెలుస్తుంది.

"సెల్‌ఫోన్‌లో ఫోటో తీస్తే సరిపోదా?" అంటారు. ఫోటో మంచిదే. కాని ఫోటోలో వచ్చేది వచ్చిన పక్షి మాత్రమే. రాని పక్షి, ఎంతసేపు చూశారు, ఎన్ని వున్నాయి అన్నవి ఫోటోలో రావు. ఫోన్ వున్న ఇంట్లో ఈ-బర్డ్ అనే వుచిత యాప్‌లో మీ పట్టికను ఎక్కించవచ్చు. ప్రతి ఫిబ్రవరిలో ప్రపంచమంతటా జరిగే పెరటి పక్షుల లెక్కింపులో మీ బడి ఆవరణ కూడా చేరవచ్చు. ఐతే ముందు కాగితం మీద రాయండి. ఫోన్లు మారిపోతాయి, పుస్తకం బీరువాలో వుంటుంది.

ఒక పేజీ ఎలా వుండాలో నమూనా చూపిస్తాను. "నవంబరు 12, ఆదివారం. ఉదయం 6.40 నుంచి 7.10 వరకు. చెరువు కట్ట, తూము పక్క. మంచు కొద్దిగా. పాలపిట్ట 1, కరెంటు తీగ మీద. నీటికాకులు 14. జిట్టంగి 2. బాతులు లేవు. చూసినవారు ఇద్దరం." ఇంతే!

కొన్ని కట్టుబాట్లు మరువకండి. గూటి దగ్గరకు పోవద్దు, గుడ్లు ముట్టుకోవద్దు. ఉండేలు ఇంట్లో పెట్టి రండి. రామచిలుక 2018 నుంచి మన రాష్ట్ర పక్షి. దాన్ని పంజరంలో పెంచటం, దసరాకు పాలపిట్టలను పట్టి చూపించటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నీలి సాలీడు లాంటి అరుదైన ప్రాణి కనిపిస్తే చోటును అందరికీ చాటకండి, వాటిని పట్టి అమ్మేవాళ్ళు వున్నారు. టీచరుకో, అటవీశాఖ వారికో చెప్పండి. పులులున్న అడవిలోకి పిల్లలు వెళ్ళకూడదు. మీకు కావలసిన పక్షులన్నీ వూరి పొలిమేరలోనే వున్నాయి. చెరువు దగ్గరకు ఒంటరిగా పోవద్దు, ఇద్దరు ముగ్గురు కలిసి, ఇంట్లో చెప్పి వెళ్ళండి.

బడికి ఒక పుస్తకం

చివరగా హెడ్మాస్టర్లకు, సైన్సు టీచర్లకు ఒక మనవి. ప్రతి హైస్కూలులో గట్టి అట్ట వేసిన ఒక పెద్ద పుస్తకం వుండాలి. హాజరుపట్టీ ఎంత జాగ్రత్తగా దాస్తారో దాన్నీ అంత జాగ్రత్తగా దాచాలి. తొమ్మిదో తరగతి పిల్లలు సంవత్సరమంతా రాసి, పదిలోకి వెళ్ళేటప్పుడు వెనుక తరగతికి అప్పగించాలి. పిల్లలు బడి వదిలి వెళ్ళిపోతారు, పుస్తకం వెళ్ళదు. మార్షం కుటుంబం రెండు వందల ఏళ్ళకు పైగా చేసిన పనిని ఒక బడి ఇంకా సులభంగా చేయగలదు. బడికి ప్రతి జూన్‌లోనూ కొత్త పిల్లలు వస్తారు గదా!

మార్కాపురంలో ఒకటి, కంభంలో ఒకటి, గిద్దలూరులో ఒకటి, తర్లుపాడు, కొమరోలు, బేస్తవారిపేట, దోర్నాలల్లో ఒక్కొక్కటి. ఇలా పది బడులు పదేళ్ళు రాస్తే, పడమటి ప్రకాశపు పక్షుల గురించి ప్రపంచంలో ఎవరి దగ్గరా లేని లెక్క మన దగ్గర వుంటుంది. కలివికోడి లాంటి పక్షి ఏదైనా మన పొదల్లో నుంచి నిశ్శబ్దంగా తొలగిపోకుండా ఆ లెక్క కాపలా కాస్తుంది.

పలకలు చేసే నేల ఇది. రాతకు ఇక్కడ కొదవ వుండకూడదు. నోటుబుక్కు తీయండి, నాలుగు గడులు గీయండి. రేపు పొద్దున కిటికీ దగ్గర వినిపించే మొదటి కూత ఏ పిట్టదో తేదీతో సహా మొదటి వరుసలో రాయండి.